గొర్రె తొడకి పంది పేరు

శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకి దొరబాబు నడుముకి టవల్ బిగించి, అబూ హలీఫాలోని తన రెండు గదుల ఫ్లాట్‌లో వంటగదిని స్వాధీనం చేసుకున్నాడు. కువైట్ వచ్చిన తొమ్మిదేళ్ళలో మంచినీళ్ళకి తప్ప ఆయన ఆ గదిలో అడుగుపెట్టింది లేదు. అటువంటి మనిషి ఉల్లిపాయలు ముందేసుకుని, ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి, ఒక అమెరికావాడి వంట వీడియోని నాలుగోసారి చూస్తున్నాడు. ఆయన భార్య సత్యశ్రీకి వారంలో ఉన్నది ఆ ఒక్క సెలవు. మిగతా ఆరు రోజులూ ఫింటాస్‌లో ఒక క్లినిక్ మందుల స్టోర్‌లో పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు నిలబడి పనిచేస్తుంది. ఆ ఒక్క రోజూ తొమ్మిదింటి దాకా పడుకుందామనుకుంటే, కత్తి ఎక్కడుందని ఒకసారి, ఉప్పు ఎక్కడుందని ఒకసారి, కళ్ళెదురుగా ఉన్న ప్లగ్గు ఎక్కడుందని ఒకసారి లేపాడు.

ఈ హడావుడికి కారణం ఉంది. దొరబాబు అల్ రాయ్‌లో ఒక కార్ల షోరూమ్ తాలూకు విడిభాగాల గోడౌన్‌లో పని చేస్తున్నాడు. అక్కడి ఇన్‌ఛార్జి పని మానేసి ఊరు వెళ్ళిపోయాడు. ఆ కుర్చీ ఎవరికివ్వాలో తేల్చేది వర్క్‌షాప్ మేనేజర్ అన్వర్ బాషా. కడప మనిషి. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆయన ఎవరి పేరు చెబితే, కంపెనీ యజమాని కఫీల్ వాళ్ళ కాగితం మీద సంతకం పెడతాడు. అందుకని దొరబాబు ఆయన్ని ఆ రోజు నమాజయ్యాక భోజనానికి పిలిచాడు. కిందటి నెల కంపెనీ లక్కీ డ్రాలో తగిలిన ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్‌ని కూడా ఆయన ముందే ప్రారంభించదలుచుకున్నాడు.

"ఏవండీ, ఆయనకి శుభ్రంగా మటన్ పులుసు పెట్టుకుంటే సరిపోయేది కదా?" అంది సత్యశ్రీ కళ్ళు నులుముకుంటూ.

"పులుసు ఎవడైనా పెడతాడే. ఇది పుల్డ్ పోర్క్. ఫోర్కుతో ఇలా లాగితే పీచులు పీచులుగా ఊడొచ్చేస్తుంది. అమెరికాలో దీనికోసం క్యూలు కడతారు."

"పోర్క్ అంటే పంది కదండీ? ఈ దేశంలో పంది ఎక్కడుంది?"

"అబ్బా, నీకు ఏదీ ఎక్కదు. పేరు అది. మాంసం గొర్రెదే. తొడ నిన్న మనిద్దరం కలిసే కదా కొనుక్కొచ్చాం!"

గొర్రె తొడకి ఎముక తీయించిన ఘనత దొరబాబుదే. ఇప్పుడు దాన్ని నాలుగు ముక్కలు కోసి, కారం, మిరియాలు, బెల్లం, టొమాటో సాస్, వెనిగర్ పట్టించాడు. కుక్కర్లో ఉల్లిపాయలు పరిచి, మీద మాంసం పేర్చి, మూత వెయ్యబోయాడు.

"నీళ్ళు పొయ్యలేదు మీరు."

"నీళ్ళా? పప్పు వండుతున్నాననుకున్నావా? మాంసం రసంలో మాంసం ఉడుకుతుంది. అసలు రహస్యం అదే."

వీడియోలో అమెరికావాడు అప్పుడే గ్లాసున్నర యాపిల్ రసం పోస్తున్నాడు. దొరబాబు ఆ సమయంలో ఫోటో తీసుకునే పనిలో ఉన్నాడు. కొత్త కుక్కర్, దాని పక్కన ఆయన, ఆయన చేతిలో ఫోర్కు. ఆ ఫోటోని కువైట్‌లో ఉన్న గోదావరి జిల్లాల వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టి, దాని కింద "ఈ రోజు మా ఇంట్లో పుల్డ్ పోర్క్" అని రాశాడు. మటన్ అని రాస్తే ఎవడు పట్టించుకుంటాడని ఆయన ఉద్దేశం.

పట్టించుకున్నారు. రెండు నిమిషాల్లో ఏడుకొండలు ఫోన్ చేశాడు. ఏడుకొండలుది పాలకొల్లు పక్క ఊరు. మంగాఫ్‌లో స్కూలు బస్సు నడుపుతాడు. ఆయన గొంతు ఫోన్ లోంచి వంటగదంతా వినబడింది.

"బావా! నిజవేనేటి? ఈ ఎడార్లో పంది ఎక్కడ సంపాదించేవురా నాయనా?"

గొర్రెది అని ఒక్క మాట చెబితే పోయేది. దొరబాబు నోరు తెరిచాడు కూడా. కానీ ఆ గొంతులో ఉన్న ఆశ్చర్యం, అసూయ ఆయన చెవులకి తేనెలా తగిలాయి. తొమ్మిదేళ్ళలో ఆయన్ని చూసి ఎవరూ అసూయపడలేదు, పడేందుకు ఏమీ లేదు కూడా. నోరు మూసుకుని, ఒకసారి దగ్గి, "మన దార్లు మనకుంటాయిలేరా" అన్నాడు. ఆ మాట తనకే నచ్చి, మిగతా గొప్పలు తీరిగ్గా చెప్పుకోవడానికి బాల్కనీలోకి నడిచాడు.

ఆయన అటు వెళ్ళగానే సత్యశ్రీ కుక్కర్ మూత తీసి, గ్లాసున్నర నీళ్ళు పోసి, మళ్ళీ మూత పెట్టింది.

మొగుడు తిరిగి వచ్చాక, "గొర్రె అని చెప్పొచ్చు కదండీ?" అని అడిగింది.

"ఉండవే. కాసేపు కుళ్ళుకోనీ."

"ఇక్కడ పంది నిషేధం. ఈ మాట బయటికి పాకితే మనల్ని ఇక్కడ ఉండనిచ్చే ఇఖామాలు మిగలవు. సంచీలు సర్దుకుని ఎయిర్‌పోర్టుకి పోవాలి."

"గ్రూపులో ఉన్నది అందరూ మనవాళ్ళే. ఎవడు చెప్తాడు?"

ఆ తరవాత ఫోన్ మోగుతూనే ఉంది. పది గంటలకి ఆ పంది బహ్రెయిన్ నుంచి పడవలో వచ్చింది. పదిన్నరకి అమెరికా సైనికుల క్యాంపు గోడ మీంచి దొరబాబు చేతుల్లో పడింది. పదకొండు గంటలకి ఆయన దగ్గర ఇంకా మూడు తొడలు డీప్ ఫ్రీజర్‌లో ఉన్నాయి. వీటిలో ఒక్కటీ దొరబాబు చెప్పింది కాదు. ఆయన చేసిందల్లా అడిగిన ప్రతివాడి దగ్గరా చిన్నగా నవ్వి ఊరుకోవడం. ఈ నవ్వుల్లో పడి కుక్కర్ స్విచ్ వెయ్యడమే మరిచిపోయాడు. పన్నెండు గంటలకి సత్యశ్రీ గుర్తు చేస్తే, వీడియోలో చెప్పినట్టు తొంభై నిమిషాలు పెట్టాడు.

ఒంటిగంట దాటాక బెల్లు మోగింది. సత్యశ్రీ తలుపు తీసింది. గుమ్మంలో ముగ్గురున్నారు. ముందు ఏడుకొండలు, చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్. ఆయన పక్కన సుబ్బాయమ్మ, చంకలో పెద్ద స్టీలు డబ్బా. ఆవిడా ఆ గ్రూపులో మనిషే, జాబ్రియాలో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది, అరవైకి దగ్గర పడిన మనిషి. వాళ్ళ వెనకాల, అరబ్బులు తొడిగే తెల్లటి పొడవు దిష్‌దాషా, తల మీద టోపీ, తెల్లబడిన గడ్డం ఉన్న పెద్దమనిషి.

"చెల్లాయ్, ఈ అరబ్బాయన మీ ఫ్లోరేనేటి? లిఫ్టులో మాతోనే వచ్చేడు" అన్నాడు ఏడుకొండలు, గొంతేమీ తగ్గించకుండా.

"సలాం అమ్మా" అన్నాడు ఆ పెద్దమనిషి. "నా పేరు అన్వర్ బాషా. మాది కడప."

ఏడుకొండలు ఒక అడుగు వెనక్కి వేసి సుబ్బాయమ్మ వంక చూశాడు. లిఫ్టులో ఆరు అంతస్తుల పొడుగునా తనూ సుబ్బాయమ్మా పంది గురించే మాట్లాడుకున్నారని ఏడుకొండలు మొహం చూస్తేనే తెలిసిపోయింది.

లోపలినుంచి దొరబాబు పరుగున వచ్చాడు. "రండి సార్, రండి, దయచేయండి!"

అన్వర్ బాషా గడప దాటలేదు. "వస్తా లేప్పా. ముందు ఒక మాట చెప్పు. కుక్కర్లో ఏముంది?"

దొరబాబు మేనేజరు వంక చూశాడు. క్యారియర్ వంక చూశాడు. పొద్దున్నుంచీ కూడబెట్టుకున్న కీర్తి ఒకవైపు, ఉద్యోగం ఒకవైపు. ఎంత లేదన్నా అన్నం పెట్టేది ఏదో ఆయనకి తెలుసు.

"మటనేనండీ సార్!"

అంతటితో ఆగినా బాగుండేది. కానీ స్నేహితుడు ఆపదలో ఉన్నాడని ఏడుకొండలు కనిపెట్టాడు. ఆదుకోవాలనుకున్నాడు.

"ఆయ్, మటనేనండి బాబూ! ఒట్టు మటను! ఇక్కడ పంది ఎక్కడుంటాదండి? మేవేం పంది కోసం రాలేదండి. ఏం పిన్నీ?"

"నాకసలు పందంటేనే తెలీదు బాబూ" అంది సుబ్బాయమ్మ, స్టీలు డబ్బాని కొంగుతో కప్పుకుంటూ.

"పంది అని నేను అనలేదే!" అన్నాడు అన్వర్ బాషా.

దొరబాబు చెమట తుడుచుకుని, "ఇప్పుడే చూపిస్తాను సార్, మీరే చూద్దురుగాని" అని వంటగదిలోకి పరుగెత్తాడు. కుక్కర్ మూత తిప్పాడు. తిరగలేదు. గుంజాడు. కుక్కర్ మొత్తం లేచి వచ్చింది గాని మూత రాలేదు. లోపల ప్రెషర్ ఉండగా ఆ మూత రాదని దాంతో వచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. ఆ పుస్తకాన్ని ఆయన మొదటి రోజే పెట్టెతో సహా పారేశాడు.

"తెరుచుకోవట్లేదండీ సార్."

"తెరుచుకోల్యాదా, నువ్వే తెరవవా?"

"ఒట్టండీ! ఇంకా పన్నెండు నిమిషాలుందంట, ఇక్కడ చూపిస్తంది!" అంటూ కంగారులో ఏదో మీట నొక్కాడు. పన్నెండు మాయమై తొంభై వచ్చింది.

ఏడుకొండలు గుమ్మంలోంచే మెచ్చుకోలుగా తలాడించాడు. గంటన్నర గడిపేస్తే మేనేజరు విసిగి వెళ్ళిపోతాడని, దొరబాబు బుర్రే బుర్ర అని ఆయన అనుకున్నాడు. దొరబాబు మాత్రం ఇంకో నాలుగు మీటలు నొక్కి, కుక్కర్ చేత పెరుగు తోడుపెట్టించే దాకా వచ్చాడు.

సత్యశ్రీ అంతవరకూ చూసింది. నిద్ర చాలని మనిషి, ఓపిక కూడా అయిపోయింది. వెళ్ళి ప్లగ్గు పీకేసింది. "తప్పుకోండి" అని మొగుణ్ణి గోడవైపు నెట్టి, చెక్క గరిటెతో మూత మీది వాల్వ్‌ని పక్కకి తిప్పింది. బుస్సుమని ఆవిరి కప్పుదాకా లేచింది. దొరబాబు ఫ్రిజ్ వెనక్కి చేరాడు. ఆవిరి తగ్గాక, పక్కనున్న చిన్న పిన్ను కిందికి జారింది. మూత తేలిగ్గా తిరిగింది.

లోపల మాంసం ఎర్రగా, పీచులు విడిపోయి, చిక్కటి పులుసులో మునిగి ఉంది. ఎముక లేదు. తోలు లేదు. బెల్లం, సాస్ వాసన తప్ప మరో వాసన లేదు. అది గొర్రో, మేకో, ఒంటో చెప్పడం ఎవరి తరమూ కాదు. దొరబాబు దాన్ని చూపించి ఏమీ నిరూపించలేకపోయాడు.

"సార్" అంది సత్యశ్రీ. "ఇది గొర్రె తొడ. నిన్న సాయంత్రం మా వీధి చివర నూర్ మహమ్మద్ అనే ఆయన కొట్లో నేనూ ఈయనా కలిసి కొన్నాం. వీడియోలో పంది అని ఉంటే, గొప్పగా ఉంటుందని ఈయన ఆ పేరే రాసుకున్నారు. గ్రూపులో వాళ్ళు నిజమని నమ్మితే కాదనడానికి మనసొప్పలేదు. జరిగింది ఇంతే. కావాలంటే కొట్టాయనతో మాట్లాడండి" అని ఫోన్ కలిపి చేతికిచ్చింది.

నూర్ మహమ్మద్ అప్పుడే నమాజు నుంచి వచ్చి కొట్టు తెరిచాడు. అన్వర్ బాషా ఉర్దూలో అడిగాడు. స్పీకర్‌లో నూర్ మహమ్మద్ పెషావర్ ఉర్దూ వరదలా వచ్చింది. అవును, గొర్రె తొడే. ఆ లావుపాటి మనిషిని ఎలా మరిచిపోతాడు? లేత గొర్రె తీసుకోమని మూడుసార్లు చెప్పాడు. ఆయన వినలేదు. కొట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా ముసలి గొర్రె తొడ, పెద్దగా కనబడుతోందని, అదే కావాలని పట్టుబట్టాడు. పైగా ఎముక ఎలా తియ్యాలో ఇరవై ఏళ్ళుగా కసాయి పని చేస్తున్న తనకి నేర్పాడు.

అన్వర్ బాషా ఫోన్ సత్యశ్రీకి ఇచ్చి, చెప్పులు విడిచి, లోపలికొచ్చి కూర్చున్నాడు. దొరబాబు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి వదిలేలోపల ఏడుకొండలు అందుకున్నాడు.

"అయితే పంది కాదా?"

"కాదురా" అన్నాడు దొరబాబు నీరసంగా.

"ముసలి గొర్రెకా నన్ను ఇంత దూరం రప్పించేవు? బస్సు డ్రైవర్లందరికీ చెప్పేను కదరా! సాయంత్రం తెస్తానని మాటిచ్చేను కదరా!"

సుబ్బాయమ్మ సోఫాలో కూలబడింది. "పద్నాలుగేళ్ళయ్యింది బాబూ ఆ ముక్క నోట్లో పెట్టి. నాకు కడుపునొప్పని మా అరబ్బు యజమానురాలు మామాకి అబద్ధం చెప్పి, రెండు బస్సులు మారి వచ్చేను. నీకు నోరెలా వచ్చింది బాబూ?"

పందంటేనే తెలియదన్న మాట ఆవిడకి గుర్తులేదు. అన్వర్ బాషా గడ్డం వెనక నవ్వు దాచుకోవడానికి చాలా కష్టపడ్డాడు.

అయినా వాళ్ళెవరూ వెళ్ళలేదు. సత్యశ్రీ రెండు ఫోర్కులతో మాంసాన్ని చీల్చి, పులుసులో కలిపి, బన్నుల్లాంటి వేడి సమూన్ రొట్టెల మధ్య పెట్టి ఇచ్చింది. ముసలి గొర్రె గంటంపావు ప్రెషర్‌లో లొంగిపోయి వెన్నలా అయింది. ఏడుకొండలు తిడుతూనే మూడు తిన్నాడు. సుబ్బాయమ్మ మాట్లాడకుండా స్టీలు డబ్బా నింపుకుంది.

"బాగుందప్పా" అన్నాడు అన్వర్ బాషా. "తాకితే ఊడొస్తాంది. నీళ్ళు ఎన్ని పోసినావు?"

దొరబాబుకి పోయిన ప్రాణం లేచివచ్చింది. "ఒక్క చుక్క పొయ్యలేదండీ సార్! మాంసం రసంలో మాంసం. అదే నా రహస్యం."

అన్వర్ బాషా కుక్కర్ అడుగున నిలిచిన పులుసుని చూశాడు. తరవాత సత్యశ్రీని చూశాడు. ఆవిడ తల వంచుకుని ప్లేట్లు తీస్తోంది.

"ఎంత పోసినావమ్మా?"

"గ్లాసున్నర సార్."

దొరబాబు చేతిలో రొట్టె నోటి దగ్గరే ఆగిపోయింది.

"చూడు దొరబాబూ," అన్నాడు అన్వర్ బాషా, చెయ్యి తుడుచుకుంటూ, చాలా మెత్తగా. "మన గోడౌన్‌లో పదకొండు వేల పెట్టెలున్నాయి. పైన రాసింది ఒకటి, లోపల ఉండేది ఇంకొకటి అయితే నాకు యాడ కుదురుతాది? నువ్వు గొర్రెని పంది అన్నావు. లోపల నీళ్ళున్నాయో లేదో నీకే తెలీదు. రేపు బ్రేకు పెట్టె మీద క్లచ్ అని రాస్తే, ఆ బండిలో పోయేవాడి గతేంది?"

దొరబాబు ఆగిపోయిన రొట్టెని గబుక్కున నోట్లో కుక్కుకున్నాడు. నోట్లో మాంసం ఉన్నవాణ్ణి ఎవరూ జవాబు అడగరు కదా.

"నువ్వేం పని చేస్తావమ్మా?" అని అన్వర్ బాషా సత్యశ్రీని అడిగాడు.

"క్లినిక్‌లో మందుల స్టోర్ సార్. ఆరేళ్ళ నుంచి."

"పెట్టెలు మారినాయా ఎప్పుడన్నా?"

"మారితే మనుషులు పోతారు కదండీ" అంది సత్యశ్రీ.

వెళ్తూ వెళ్తూ అన్వర్ బాషా, ఆ ఇన్‌ఛార్జి కుర్చీకి ఒకే పూట పని, రెండు రోజులు సెలవు అని ఆవిడతో చెప్పాడు. శనివారం కూడా నిద్రపోవచ్చన్న సంగతి సత్యశ్రీ చెవిన పడ్డాక, దొరబాబు చెప్పిన అభ్యంతరాలేవీ పడలేదు.

సత్యశ్రీ ఇఖామా క్లినిక్ నుంచి ఈ కంపెనీకి మారడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు మొగుడూ పెళ్ళాం ఒకే కారులో అల్ రాయ్ వెళ్తున్నారు. గోడౌన్‌లో దొరబాబు ఇన్‌ఛార్జిగారిని మేడమ్ అంటాడు, ఇంట్లో మాత్రం ఆ అలవాటు ఇంకా పూర్తిగా కాలేదు.