తొమ్మిది మీటర్ల కుట్ర

"నేరం ఏ మూల నక్కినా సరే, నా చూపు దాని చెవి పట్టుకుని బయటికి ఈడుస్తుంది!" అని ప్రకటించాడు తమ్ముడు, బడి కారిడార్‌లో కుళాయి గట్టెక్కి నిలబడి. చూపు చెవినెలా పట్టుకుంటుందో అడిగే ఓపిక అక్కకి ఆ పూట లేదు.

ఇద్దరూ కవలలే. కాస్త ముందు పుట్టిన పాపానికి ఆమె అక్కయింది. వాడు తనంతట తనే డిటెక్టివయ్యాడు. మొన్న పెరుగు గిన్నె ఖాళీ అయితే, వేలిముద్రలు తీస్తానని గిన్నె నిండా పౌడరు చల్లి అమ్మ చేత చీవాట్లు తిన్న ఘనుడు.

లెక్కల పరీక్ష అప్పుడే అయింది. పిల్లలంతా ప్రశ్నపత్రాలు పట్టుకుని "నీకెంతొచ్చింది?" అంటే "ముందు నీకెంతొచ్చిందో చెప్పు" అనుకుంటున్నారు. ఆఖరి లెక్క నిచ్చెనది. పదమూడు మీటర్ల నిచ్చెన గోడకి ఆనించి ఉంది, కింది కొస గోడకి అయిదు మీటర్ల దూరం. పై కొస ఎంత ఎత్తున తాకుతుంది? ఎవర్నడిగినా తొమ్మిదే అన్నారు. అక్కకి మాత్రం పన్నెండు వచ్చింది.

ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. లెక్కల్లో తప్పితే పరుగుపందెం జట్టులో చోటు లేదని ఆటల మాస్టారు ముందే తేల్చేశారు. మిగతా పేపరు అంతంతమాత్రం. ఆశంతా ఆ నిచ్చెన మీదే పెట్టుకుంది.

"ఏడవకు అక్కా. మన క్లాసు ఎప్పుడైనా ఒక్కమాట మీద నిలబడిందా? అందరికీ ఒకే జవాబంటే ఇది కుట్ర! దీని వెనక ముఠా ఉంది."

"ముఠా లేదు, మట్టిగడ్డా లేదు. నాదే తప్పేమోరా."

"అనుమానించడం నా పని. నువ్వు అందులో వేలు పెట్టకు" అని వాడు గట్టు దూకి, చివరి బెంచీ కళ్లజోడు కుర్రాడి మీద పడ్డాడు. "చెప్పు! ఆ తొమ్మిది నీకెలా వచ్చింది?"

"రావడమేంటి? మన బొండంగాడు రాస్తుంటే చూశా."

బొండం తడుముకోలేదు. "నేను రిబ్బన్లమ్మాయి దగ్గర చూశా."

రిబ్బన్లమ్మాయి పొడుగుగాడివైపు వేలు చూపించింది. పరీక్షలో పొడుగు కూర్చున్నది సరిగ్గా డిటెక్టివ్ వెనక బెంచీలో.

"నీకెవరు చూపించారు?"

"ప్రాణం పోయినా చెప్పను. ఆదుకున్నవాడికి ద్రోహం చేయను" అని పొడుగు డిటెక్టివ్‌కేసి చూసి కన్నుగీటాడు.

"చూశావా అక్కా, కన్ను అదురుతోంది! నేరస్థుడి లక్షణం!"

అక్క నెత్తి కొట్టుకుంది. వాడు ఆ కన్నుని పరీక్షించడానికి జేబులోంచి భూతద్దం లాగాడు. దాంతోపాటు వాడి ప్రశ్నపత్రం జారి నేల మీద పరుచుకుంది. దాని మీద ఇంత లావు తొమ్మిది, చుట్టూ డబ్బా, కింద రెండు గీతలు.

"అదే! అది చూసే రాశా. అంత ధీమాగా డబ్బా కొడితే జవాబే అనుకున్నా" అన్నాడు పొడుగు, ఇంక దాచి లాభం లేక.

"జవాబా? అది సాక్ష్యంరా! హాల్లో కాపలా ఉన్న ఆటల మాస్టారు ఎదురు కుర్చీ మీద కాళ్లు చాపారు. కొత్త బూట్ల అడుగున సైజు కనిపించింది. రేపెక్కడైనా అడుగుజాడలు దొరికితే పనికొస్తుందని రాసుకున్నా."

గోడ ఎత్తు అడిగితే క్లాసు క్లాసంతా బూటు సైజు రాసొచ్చింది.

"నా బూట్లకేమైందిరా?" అంటూ ఆటల మాస్టారే స్టాఫ్ రూమ్‌లోంచి వచ్చారు. సంగతి విని బూటెత్తి చూపించారు. "తొమ్మిదెక్కడిది? నాది ఆరు. తలకిందులుగా చదివావు. ఆ నిచ్చెన లెక్కకి పన్నెండని మీ లెక్కల టీచరు ఇప్పుడే చెప్పింది. పన్నెండు రాసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అసలు?"

అక్క చెయ్యెత్తింది.

"ఇంకేం, గట్టెక్కావు. రేపు పొద్దున్నే గ్రౌండుకి రా."

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. తమ్ముణ్ణి ముద్దుపెట్టుకోవాలనిపించింది. కానీ క్లాసంతా చొక్కా చేతులు మడుస్తూ వాణ్ణి చుట్టుముట్టేసింది.

"కేసు ఛేదించాను కదా, మళ్లీ ఈ కోపాలేంటి?" అన్నాడు వాడు, గోడకి అతుక్కుపోతూ.

అక్క అడ్డం నిలబడింది. "చూసి రాయమని వాడేమైనా బతిమాలాడా మిమ్మల్ని?" అని అందర్నీ కసిరి, వాడివైపు తిరిగింది. "ఒరే, అది బూటు సైజని నీకు తెలుసు కదా. మరి నువ్వేం రాశావు?"

తమ్ముడు భూతద్దం చొక్కాకేసి తుడుచుకున్నాడు.

"వదిలేద్దామనే అనుకున్నా అక్కా. చివర్లో వెనక్కి తిరిగితే పొడుగు తొమ్మిదని రాస్తున్నాడు. అంత ధైర్యంగా రాస్తున్నాడంటే లెక్క చేసే రాసుంటాడని, నేనూ అదే వేసేశా."