నూట పన్నెండు గడులు, ఒక గడి

విలంబమునకు పెట్టింది పేరైన హేవిళంబి నామ సంవత్సరమున, మార్గశిర మాసమున, గోదావరీ శీతల సమీరములు బొగ్గు రైళ్ళ పొగతో మల్లయుద్ధము సలుపు మంచిర్యాల శివారున, దేశమెల్ల రెండవ పంచవర్ష ప్రణాళికను జపించుచుండిన పుణ్యకాలమున, పాడిబఱ్ఱెను చలిలోనికి నెట్టి బఱ్ఱెకొట్టమున కొలువుదీరిన ఒక ముసలి మోటారు కారు కథ చెప్పెద, చెవియొగ్గి వినుడు.

అది సామాన్యమైన కారు కాదు. నిజాము ఏలుబడిలో నస్పూరు బాటనున్న ఒక దొర దానిలో ఊరేగి, నాలుగూళ్ళ కన్నులలో దుమ్ము కొట్టినవాడు. పోలీసు చర్య నాడు ఆ దొర హైదరాబాదునకు రైలెక్కి పోవగా, కారు అతని గడి అను కోట వెనుక తొమ్మిదేండ్లు తపమాచరించి, తుప్పను విభూతిని మేనెల్ల పూసికొని, తుదకు తుక్కు వేలమున కచేరీ గుమాస్తా కైలాసము పాలబడెను.

ఎవడీ కైలాసము? ఎఱ్ఱసిరా ధనుర్ధరుడు, కొలబద్ద గదాధరుడు, ఏ పనినైనను మొదలిడక మునుపే దాని గడువులను గీతలతో బంధింపగల మహావీరుడు. గీతలు గీసిన పిదప పని యేమాయెనని అడుగు నంతటి అవివేకి ఆ కచేరీలో లేడు.

ఆ ధీరుడు ఆరు దొడ్డ కాగితములను మైదాపిండితో అతికి, గోడ పట్టక కిటికీని సైతము కప్పి, ఇరువదెనిమిది మాసములను నాలుగేసి వారములుగా చీల్చి, నూట పన్నెండు గడుల చక్రవ్యూహమును పన్నెను. మొదటి గడి 'పరిశీలన'. ఇరువదవది 'ఇంజను దించుట'. ఎనుబదిరెండవది 'రంగు'. నూట పన్నెండవ గడిలో, వికారి నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి నాడు, 'సకుటుంబముగా బాసర యాత్ర'.

వ్యూహము ముగియగానే, కొలబద్దను పైకెత్తి, భార్య సారక్క నుద్దేశించి మేఘగర్జన మొనర్చెను.

“ఇగో ఇనవే! లెక్క లేని పని పగ్గం లేని ఎద్దు. ఢిల్లీల సర్కారుకు ఐదేండ్లు పడుతుంటె నాకు రెండున్నరేండ్లు చాలు! గీ గడులల్ల ఒక్కొక్కటి దాటుకుంట పోతె, వికారిల సరస్వతమ్మ గుడి ముంగట మన మోటరు ఆగుతది. ఎవడాపుతడో సూస్త!”

సారక్క పాలగిన్నె బోర్లించి చూపెను.

“వికారి సంగతి తర్వాత. బఱ్ఱె సలికి వణికి పాలియ్యకపాయె. గా కాయితం కిటికీ మీదికెల్లి తియ్, ఇంట్ల పొగ పోతలేదు.”

వీరులు స్త్రీల మాటలకు చలింతురా? కైలాసము చలింపలేదు. పొగయు కదలలేదు.

పిమ్మట లారీల మరమ్మతున చేయితిరిగిన బాలమల్లు వచ్చి, చేతులు కట్టుకొని, పట్టికను అటునుండి యిటు చదివి, తల గోకుకొనెను.

“సాబ్, రంగు ఆషాడంల పెట్టిన్రు. వానల రంగు ఆరుతదా?”

కైలాసము రంగును ఆశ్వయుజమునకు త్రోసెను. ఆ తాకిడికి సీట్లు కార్తికమున బడెను, అద్దములు పుష్యమున బడెను, బాసర యాత్ర గోడ దాటి తలుపు మీదికి పోయెను.

“ఇంజను ఇప్పకుండ సామాన్లు ఏమేం గావాల్నో ఎట్ల తెలుస్తది సాబ్? తెలిసినంక బొంబాయికి జాబు రాయాలె. గది ఎన్నడొస్తదో బొంబాయోళ్ళకే ఎరుక.”

పరిశీలనకు ముందు విప్పుట, విప్పుటకు ముందు పరిశీలన! ఈ ఘోర సందిగ్ధమున బడి కైలాసము పట్టికను మూడు మారులు చింపి మూడు మారులు గీసెను. రెండు శీసాల ఎఱ్ఱసిరా నేలకొరిగెను. ఒక కొలబద్ద విరిగెను. కారుకు మాత్రము ఇంతవరకు ఒక్క మర కదలలేదు.

ఇట్లు పుష్యమాసము వచ్చెను. కైలాసము తల్లి బాలవ్వ డెబ్బది యేండ్లది. ప్రతిదినము మధ్యాహ్నమున కొట్టమునకు పోయి, ఆ కారు వెనుక సీటున కాళ్ళు ముడుచుకొని కూర్చుండి కందికాయలు ఒలుచుట ఆమెకు అలవాటు. ఒకనాడు కైలాసము ఐదవ పట్టికకు కొలతలు తీయవచ్చి, తల్లిని చూచి నవ్వెను.

“ఏందవ్వా, దొరసాని లెక్క కూసున్నవ్?”

బాలవ్వ నవ్వలేదు. కాయ ఒలుచుచునే చెప్పెను.

“గీ మోటరొస్తుందంటె బాట మీద మనిషి ఉండద్దు కొడుకా. మీ బాపు ఒక్కపారి నెత్తిమీద గడ్డిమోపుతోని తప్పుకునుట్ల జర ఆలస్యమైండు. గడి ముంగట పొద్దుగూకే దాక ఎండల నిలవెట్టిండ్రు. మోపు దించనియ్యలే. నేను గడిల వడ్లు దంచుకుంట కిటికీలకెల్లి సూసిన. నీళ్ళిద్దామంటె పోనియ్యలే.”

కైలాసము కొలతదారమును చుట్టివేసెను. తండ్రి పోయి పదునేడేండ్లాయెను. ఈ మాట ఇంట నెవ్వరును చెప్పియుండలేదు.

“గిది నువ్వు కొన్ననాడే అనుకున్న. ఒక్కపారి దీంట్ల కూసోని గడి ముంగటికెల్లి పోవాలె అని. నీ కాయితంల నా సవారి ఎన్నడున్నది?”

“నూట పన్నెండో గడిల, అవ్వా.”

“ఏ గడినో నాకేం ఎరుక. ఎన్నడు?”

“వికారిల.”

“అప్పటి దాక నేనుంటనా కొడుకా?”

ప్రణాళికా శాస్త్రమున సమస్త ప్రశ్నలకును జవాబు కలదు, దీనికి తప్ప. ఆ సాయంకాలము కైలాసము గోడముందు నిలిచి తనతో తానే పోరాడెను. చివరి పనిని మొదట పెట్టవచ్చునా? ఇంజను లేనిదే సవారి యెట్లు? కచేరీలో తెలిసిన నగుబాటు కాదా? ఎఱ్ఱకలము మూడు మారులు లేచి మూడు మారులు దిగెను. నాలుగవ మారు మొదటి గడిలోని 'పరిశీలన'ను అడ్డముగా కొట్టివేసి, ఆ పైన వంకర అక్షరములతో 'అవ్వ సవారి' అని వ్రాసెను. వాడు జీవితమున కొలబద్ద లేకుండ గీసిన గీత అదియొక్కటే.

“ఇంజను సంగతేంది సాబ్?” అని బాలమల్లు నోరు తెఱచెను.

“మా తమ్ముని ఎడ్లు లేవా? గవి గుంజుతయ్,” అని సారక్క యుద్ధోపాయము తెలిపెను.

అంతట చక్రములను ఊడదీయు మహాసంగ్రామము మొదలాయెను. మూడు చక్రములు లొంగెను. కుడివైపు వెనుక చక్రము మాత్రము తుప్పు కవచము తొడిగి, కిరసనాయిలుతో అభిషేకించినను, ఆముదముతో అర్చించినను, పానా వేసి ఇద్దరు మగవారు ఊగినను, మేరువువలె నిలిచెను. మూడవనాడు సారక్క చీరకొంగు బిగించి, పానాకు పొడుగాటి ఇనుపగొట్టము తగిలించి, దాని కొనపై ధబాలున కూలబడెను. కిర్రుమని ఆర్తనాద మొనర్చి మర సడలెను. కైలాసము వెల్లకిల పడెను. చచ్చిన టైర్ల కడుపున బాలమల్లు వరిగడ్డి కుక్కెను.

మఱునాడు ఉదయమున ఎడ్లు కదలెను. ముందు సారక్క పగ్గము పట్టెను. కైలాసము స్టీరింగు వహించెను. వెనుక సీటున ఉతికిన చీర కట్టి బాలవ్వ నిటారుగా కూర్చుండెను. కోమటి తక్కెడ వదలి చూచెను. గనికి పోవు కూలీలు సైకిళ్ళు దిగి చూచిరి. “ఎడ్లకు పెట్రోలు పోసిన్రా గుమాస్తా సాబ్?” అని ఒకడనగా అందఱును నవ్విరి. కైలాసము చెవులు కందెనుగాని చేతులు స్టీరింగు వదలలేదు.

గడి వచ్చెను. తలుపొకటి ఊడి ఒరిగియుండెను. లోపల ఎవ్వరును లేరు. బాటకు అడ్డముగా, గడి గుమ్మమెదుట, ఒక మేక పండుకొని నెమరువేయుచుండెను. ఎడ్లు ఆగెను.

కైలాసము హారను నొక్కెను. రబ్బరు చివికిన ఆ హారను ఒక నిట్టూర్పు విడిచి ఊరకుండెను. సారక్క మేకను కొట్టబోగా, బాలవ్వ “ఆగు బిడ్డా” అని, కిటికీనుండి తల బయటపెట్టి, గుండెనిండ గాలి పీల్చి, గడి గోడలు మారుమ్రోగ కేకవేసెను.

“పాం! పాం! పాం!”

మేక తలయెత్తెను. అవ్వను చూచెను. కారును చూచెను. ఒడలు విదిలించుకొని మెల్లగా లేచి, బాట దిగి, గడి గోడవారకు పోయి నిలిచెను.

“పోనియ్ కొడుకా,” అనెను బాలవ్వ. కైలాసమునకు కన్నులు మసకబాఱి బాట కానరాలేదు. ఎడ్లకు కానవచ్చెను గనుక సరిపోయెను.

జనులారా, జయము పలుకుడు! నూట పదకొండు గడులు నేటికిని ఖాళీ. బొంబాయికి జాబు పోలేదు. ఇంజను పలుకలేదు. కాని హేవిళంబి పుష్యమాసమున, నస్పూరు బాటపై, అర్ధమైలు మేర, దొర మోటారు బాలవ్వను మోసెను. ఒక మేక తప్పుకొనెను.