మెట్ల మీద పోయిన మూడు వేళ్లు

మా పక్కింటావిడ గోడ మీంచి చెప్పిన మాట ఇది. ఆవిడకు వాళ్ల చెల్లెలు చెప్పిందట. చెల్లెలి మొగుడు రేకులు వంచే ప్రెస్సు దగ్గర పనిచేస్తాడు. దాని కింద నలిగి కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. చేతికి తువ్వాలు చుట్టుకుని ఎమర్జెన్సీకి పరుగెత్తితే, కంప్యూటర్ ముందున్న గుమాస్తా మొట్టమొదట అడిగిన మాట: "హెల్మెట్ పెట్టుకున్నారా?"

ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. నేను మాత్రం పొంగిపోయాను!

దెబ్బ తగిలి వచ్చినవాళ్లను అడిగి ఆసుపత్రిలో నింపే ఈ గాయాల ఫారం మన పాలిట వరమండీ! మనకు దెబ్బ తగిలితే సొంత బావమరిది కూడా "ఏమైంది బావా?" అని అడిగి, జవాబు వినకుండానే తన మోకాలి నొప్పి మొదలెడతాడు. ఈ ఫారం అలా కాదు. ఎక్కడ పడ్డారు, ఎలా పడ్డారు, పడేముందు ఏం చేస్తున్నారు, కాళ్లకు చెప్పులున్నాయా, ఎంతవరకు చదివారు... నలభై ఒక్క ప్రశ్నలు! పిల్లనిచ్చేవాళ్లయినా ఇంత ఆరా తీస్తారా? ఈలోపు నెత్తురు కారిపోతుందంటారా? కారనివ్వండి. చరిత్రకెక్కడం ఊరికే అవుతుందా?

పైగా ఆ ఫారాలన్నీ కలిసి తేల్చిన సత్యం మామూలుదా! ఆసుపత్రి గోడకు అంటించిన లెక్కల పటం నేను కళ్లారా చూశాను. మా ఊళ్లో జనం గాయపడేది లారీల వల్ల కాదు. గుంతల వల్ల కాదు. మిషన్ల వల్ల అసలే కాదు. మెట్ల వల్ల! ఎద్దు కుమ్మినవాడు మెట్లు. కుక్క పీకినవాడు మెట్లు. చెట్టు మీంచి పడినవాడైనా అంతే, మెట్లే. ఊళ్లో మేడలు చూస్తే పట్టుమని పాతిక లేవు. ఉన్న ఆ నాలుగు మెట్లూ రాత్రింబవళ్లు ఎంత కష్టపడితే ఇంతమంది పడాలి చెప్పండి!

ఇంత గొప్ప పరిశోధన చేసిన మనిషిని చూసిరావద్దూ? వెళ్లి గుమాస్తాను పలకరించాను.

"లిస్టులో కారణాలు ముప్పై రెండు, మాస్టారూ," అన్నాడు కళ్లు నులుముకుంటూ. "మెట్లు మొట్టమొదట ఉంటాయి. మిషన్లు ఎక్కడో అడుగున. కారణం నొక్కితేగానీ చీటీ రాదు. చీటీ లేందే లోపల డాక్టరు ముట్టడు. ఆ వేళ్లు పోయినాయన నెత్తురు నా కీబోర్డు మీద పడుతుంటే నేను లిస్టు వెతుక్కుంటూ కూర్చోనా? మెట్లు కొట్టి లోపలికి తోసేశా. తప్పా?"

తప్పని ఏ నోటితో అంటాను? చేతికి కుట్లు పడ్డాయి, ఫారానికి కడుపు నిండింది!

పటం చూసి పైవాళ్లు ఊరుకున్నారా? లేదు! మెట్ల మీంచి పడ్డవాళ్లలో సగం మంది ప్రెస్సు పనివాళ్ల వాడలోనే ఉన్నారని కనిపెట్టి, మెట్లు దిగే పద్ధతి నేర్పడానికి అక్కడే సభ పెట్టారు. అధ్యక్షుడు ఎవరనుకున్నారు? ఆ ప్రెస్సున్న కార్ఖానా యజమానే! ప్రెస్సులోకి చెయ్యి పోకుండా అడ్డు రేకు బిగించమని పనివాళ్లు ఏడాదిగా అడుగుతున్నారు. ఆయన పాపం, మాట వినని మనిషేం కాదు. "ఆసుపత్రి లెక్కలే చూడండి, మా మిషన్ల మీద ఒక్క దెబ్బా లేదు," అన్నాడు మైకులో. అందుకే అడ్డు రేకు సంగతి పక్కనపెట్టి, తన ఆఫీసు మెట్లకు నిగనిగలాడే స్టీలు రెయిలింగు వేయించాడు. నేనూ చప్పట్లు కొట్టాను.

తర్వాత సభ పెట్టించిన ఆఫీసరుగారు లేచి, తడికాళ్లతో దిగకూడదనీ, ఒక్కో మెట్టే దిగాలనీ, రెయిలింగు గట్టిగా పట్టుకోవాలనీ చెప్పారు. ముందు వరసలో మా పక్కింటావిడ చెల్లెలూ, పక్కనే కట్టుకట్టిన చేత్తో ఆమె మొగుడూ కూర్చున్నారు. ఆఫీసరుగారు జాలిగా వంగి, "మీ ఇంట్లో మెట్లెన్నమ్మా?" అని అడిగారు.

ఆమె లేచి కొంగు బిగించింది.

"మాది రేకుల గది సార్. మెట్లు లేవు. ఈయన వేళ్లు పోయింది ఆ ప్రెస్సులో. రేపట్నుంచి దాని ముందు మా మరిది కూర్చుంటాడు. వాణ్ణేం పట్టుకోమంటారు?"