గాల్లో గుండ్రంగా క్లెయిముల సెక్షన్

ఆఫీసు జనాన్ని ఏడాదికోసారైనా విమానంలోంచి కిందికి తోసెయ్యాలి! కంగారుపడకండి, పారాచూట్ కట్టే తొయ్యమంటున్నాను. జట్టుగా దూకి, నేలకు చేరేలోపు గాల్లో ఒకరినొకరు పట్టుకుని వలయం కడితే తప్ప మనుషుల్లో ఐకమత్యం పుట్టదని మా పెద్దసారు కనిపెట్టారు. స్వయంగా దూకి వచ్చినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆయన మాట అక్షరాలా నిజం.

మాది బీమా కంపెనీ. అందులో క్లెయిముల సెక్షన్లో మేం ఆరుగురం. సరదాకి విమానంలోంచి దూకి పోయినవాడికి పైసా ఇవ్వనక్కర్లేదని మా పాలసీలోనే రాసి ఉంది. ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి క్లెయిములు తిప్పికొట్టేది మేమే. మరి దూకడానికి మాకంటే అర్హులెవరండీ?

ఓ సోమవారం పొద్దున్నే పెద్దసారు మమ్మల్ని పిలిచారు. "మీ సెక్షన్లో టీమ్ స్పిరిట్ కనబడట్లేదయ్యా. ఎప్పుడు చూసినా ఆరుగురూ ఒకే బల్ల చుట్టూ చేరి తింటారు, నవ్వుకుంటారు. దాన్ని టీమ్ అనరు" అన్నారు. గాల్లో వలయం కడితే సరేనట. కట్టలేకపోతే సెక్షన్ ఎత్తేసి తలా ఒక చోటికి పంపేస్తారట. ఆ వెంటనే, దూకడం పూర్తిగా మీ ఇష్టం అని కూడా అన్నారు. ఎంత ఉదారులో చూడండి!

శిక్షణ నేల మీదే మొదలైంది. చక్రాలు బిగించిన పలకల మీద బోర్లా పడుకుని, చేతులూ కాళ్ళూ చాపి, మీటింగ్ హాల్లో ఒకరి వైపు ఒకరు జరగాలి. గాల్లో ఎవరు ఎటు రావాలో నేల మీదే ఒంటబట్టాలన్నమాట. క్లెయిము కోసం వచ్చిన ఓ పెద్దమనిషి గాజు తలుపులోంచి మమ్మల్ని ఆ స్థితిలో చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. కంపెనీకి ఒక క్లెయిము మిగిలిందా లేదా?

ఇక పాఠాలు. వలయంలోకి వచ్చేవాడు పైనుంచి దూసుకొచ్చి ఎవరి మీదా పడకూడదు. ముందు అందరి మట్టానికీ దిగాలి, ఒక్క క్షణం ఆగాలి, అప్పుడు మెల్లగా చెయ్యి అందించాలి. ఈ పాఠం చెప్పిన రోజున పెద్దసారు సెలవు పెట్టారు.

పట్టుకున్నాక లాగకూడదు. ఒక్కడు లాగితే వలయమంతా ఒరిగిపోతుంది. కొన్ని ఆకారాల్లో చేతులు చాలవు, పక్కవాడి కాళ్ళు పట్టుకోవాలి. ఇది మాత్రం మాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది!

బరువైనవాడు గబగబా పడిపోతాడు కాబట్టి అతనికి గాలి పట్టే వదులు సూటు తొడిగారు. బక్కపలచని మా లెక్కలక్కయ్య నడుముకి సీసం దిమ్మలు కట్టారు. "ఇంట్లో మోసేవి చాలవనా బాబూ?" అని శిక్షకుణ్ణి అడిగింది. ఆ అబ్బాయి నవ్వి, ఇంకో దిమ్మ కట్టాడు.

దూకే రోజు వచ్చింది. విమానం తలుపు దగ్గర ముందు చూస్తే శూన్యం, వెనక చూస్తే బదిలీ ఉత్తర్వు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరిస్తే ఎలా? దూకాం.

ఐదుగురం చేతులు కలిపాం. ఆరోవాడు, ప్రతిదానికీ అనుమానమే కాబట్టి మేం 'సందేహం' అని పిలుచుకునే మా గుమస్తా, మాకంటే కిందికి జారిపోయాడు. పాపం ఒళ్ళంతా పరిచి వేగం తగ్గించుకుంటున్నాడు గానీ, పడేవాడు పైకి ఎలా వస్తాడు? అతన్ని వదిలేస్తే మా పని అయిపోయినట్టే. లెక్కలక్కయ్య నా మొహంలోకి చూసి, పొట్ట ముందుకు నెట్టి, ఒళ్ళు విల్లులా వంచింది. అలా వంచితే ఇంకా వేగంగా పడతాం. అందరం వంచాం. ఐదుగురం ఒక్క మనిషి కోసం కిందికి పడి, అతని మట్టానికి చేరి, చెయ్యి అందించాం. వలయం పూర్తయింది. మాతోపాటే దూకిన కెమెరామన్ పైనుంచి ఫోటో తీశాడు. ఆ తరవాత చేతులు వదిలి, పారాచూట్లు చిక్కు పడకుండా ఒకరికొకరు దూరంగా జరిగి, క్షేమంగా దిగాం. సందేహం నేల మీద కూలబడి, "మనం నిజంగానే బతికే ఉన్నామంటారా?" అని అడిగాడు.

ఆ ఫోటో ఇప్పుడు మా రిసెప్షన్లో నిలువెత్తు ఫ్రేములో ఉంది. పెద్దసారు ఆనందం పట్టలేకపోయారు. "ఇంత ఐకమత్యాన్ని ఒక్క సెక్షన్లోనే దాచిపెట్టుకుంటే కంపెనీకి ఎంత నష్టం!" అన్నారు. ఆరుగురినీ ఆరు ఆఫీసులకి పంపించేశారు, అక్కడివాళ్ళకి ఐకమత్యం నేర్పమని. కాపు బాగుందని చెట్టుని ఆరు ముక్కలు చేసి ఆరు పెరళ్ళలో పాతినట్టు. తర్కంలో లోపం ఉందేమో మీరే వెతకండి, నాకైతే దొరకలేదు.

ఓడిపోతే విడగొడతానన్నారు, గెలిస్తే విడగొట్టారు. నేనేమీ ఫిర్యాదు చెయ్యడం లేదు. కొత్త ఆఫీసులో కుర్చీ మెత్తగా ఉంది, కిటికీ ఉంది. ఒక్కటే ఇబ్బంది, మధ్యాహ్నం అన్నం గొంతు దిగడం లేదు.

నిన్న ఆ వేళకే లెక్కలక్కయ్య ఫోన్ చేసింది.

"తిన్నావా తమ్ముడూ?"

"తింటున్నా అక్కయ్యా. నువ్వో?"

"డబ్బా ముందు పెట్టుకుని కూచున్నా. అంతెత్తు నుంచి దూకినప్పుడు కూడా ఇంత బెంగ లేదురా. ఇక్కడ ఎవరి బల్ల వాళ్ళదే, ఎవరి గోడ వాళ్ళదే."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా కంపెనీ మనిషిని కదా, ధైర్యం చెప్పాను. ఓపిక పట్టమన్నాను, నెమ్మదిగా వాళ్ళూ కలుస్తారన్నాను.

అక్కయ్య గొంతు తగ్గించింది.

"కలుస్తున్నార్రా. మొన్నటి నుంచి ఇద్దరు కలిసి టీకి వెళ్తున్నారు. పెద్దసారుకి మాత్రం తెలియనివ్వకు."