తెనాలి ల్యాబులో అరుణకిరణ విజయం

కృష్ణాజలములు వేయి కాలువలై వరిచేలను పలకరించు సీమలో, చుండూరు బస్సులు ధూళిపటలమును రాజలాంఛనముగా ఎగజిమ్ము ఉదయవేళ, క్రైస్తవుల ఉపవాసకాలమగు లెంటు దినములు గనుక గుడిలో బలిపీఠముపై ఊదావస్త్రము పరచియున్న మాసమున, తెనాలిలోని ఒక రక్తపరీక్షాశాలయందు మహాసంగ్రామము చెలరేగెను.

అచట ఏసీ గదినడుమ ఫ్లో సైటోమీటరను యంత్రరాజము కొలువుదీరియుండెను. రంగులద్దిన రక్తకణములను వరుసగా నడిపించి, లేజరు వెలుగులో నిలదీసి, మంచివేవో కేన్సరువేవో తేల్చుట దాని వ్రతము. ఉన్నది నీలి లేజరొక్కటే; కొత్తదానికి ఖాళీ గూడును ఒక్కటే. నీలికాంతిలో రంగులు కలగాపులగమగుటచే రేపల్లె, బాపట్లల రోగుల రక్తము హైదరాబాదు పయనమగుచుండ, వారు దినములు లెక్కించుచుండిరి. ఎర్ర లేజరు వచ్చెనా, రిపోర్టు సాయంకాలమునకే సిద్ధము! అందుకు తగిన రంగుమందులను ఫ్రిజ్‌లో కన్నబిడ్డలవలె కాచుచున్నది ల్యాబు ఇన్‌ఛార్జి, అల్పభాషిణి, అచంచలసంకల్ప, సుజన.

ఎదుట బ్రోషరుధారియగు కంపెనీ ప్రతినిధి రాజ్ కుమార్ గర్జించెను: “ఊదా లేజరు తీసుకోండి మేడమ్. ఇంకో అయిదు రంగులు చూడొచ్చండి!”

“ఆ అయిదింటి మందులు మా దగ్గర లేవండి. ఉన్నవాటికి ఎరుపే కావాలి.”

అంతట ల్యాబు యజమానియు, సంఘపెద్దయునగు డాక్టరు మత్తయి గళమెత్తెను: “అమ్మా సుజనా, లెంటులో తలపెట్టిన పనికి ఊదాయే తగినదమ్మా. మొన్నాదివారం బలిపీఠం చూళ్లేదా?”

సుజన ఫ్రిజ్ వంక చూచెను. శాస్త్రమునకు శాస్త్రముతో బదులీయవచ్చును. బలిపీఠపు గుడ్డకు ఏమని బదులిచ్చుట? ‘హృదయమా, చలింపకుము! ఫ్రిజ్‌లోని సీసాలు నిన్నే నమ్మియున్నవి!’ అని తన్ను తాను హెచ్చరించుకొని, మెల్లగా అడిగెను:

“రాజ్ కుమార్ గారూ, ఇవాళ ఆర్డరిస్తే ఎప్పుడొస్తుందండి?”

“ఫారిన్ నుంచి రావాలి కదండీ. ఎంత తొందరపెట్టినా జూన్ అవుద్ది.”

“జూన్ అంటే పెంతెకొస్తు పండగ కదండి, డాక్టరు గారూ. అప్పుడు బలిపీఠానికి ఏ గుడ్డ వేస్తారండి?”

మత్తయి గోడమీది క్యాలెండరు తిప్పి చూచెను.

“ఎరుపు,” అనెను ఎట్టకేలకు. “ఆ గుడ్డ మా అమ్మ జ్ఞాపకార్థం నేనిచ్చిందేనమ్మా. సరే, ఎరుపే రాయించు.”

రాజ్ కుమార్ బ్రోషరు మడచి అస్త్రసన్యాసము గావించెను.

పెంతెకొస్తు మరునాడు, ఎర్ర లేజరు అమర్చిన యంత్రమునకు ప్రార్థన జరిగెను. ఆమేన్ అనగానే మత్తయి కళ్లజోడు సవరించుకొని వంగి చూచెను.

“ఏదమ్మా ఎరుపు?”

“మూత లోపలుందండి.”

“బయటికి కనపడదా?”

“కనపడదండి.”

“మరి ఊదా పెట్టించినా…?”

“ఇంతేనండి.”

ఆ సాయంకాలము పెనుమూడి పోవు బస్సు కిటికీచెంత కూర్చున్న ఒక రైతు, కేన్సరు లేదన్న కాగితమును జేబులో పెట్టి, తీసి, చదివి, మరల పెట్టుచుండెను.

కావున దిక్కులారా, ఆలకింపుడు! కాలువలారా, ఆగి వినుడు! సబ్బుపెట్టెయంత లేజరుపెట్టె యొకటి, సబ్బుపెట్టెయంత గూటిలో, సరిగ్గా పట్టినది!