మూడోసారి

పథకం కామ్యార్‌దే. బుధవారం పొద్దున్నే ఆరింటికి టెహరాన్‌లో బయల్దేరాలి, పదింటికల్లా ఖమ్సర్ చేరి గులాబీ తోటలు చూడాలి, మర్నాడు ఇస్ఫహాన్ వెళ్ళాలి. పక్క సీట్లో తరానే ఉంటుంది. తరానే అతని భార్య కాదు, నాలుగేళ్ళుగా కాబోయే భార్య. వాళ్ళ నాన్న ఇస్కందరీ గారికి తెలిసినంత వరకు ఆమె ఆఫీసులో తోటి ఆడపిల్లలతో కలిసి వెళ్ళింది. పథకం బాగానే ఉంది. దాన్ని నడిపేవాడికే మర్యాద జబ్బు.

ఆ దేశంలో మర్యాద లేనిది ఎవరికి? ఒకరు "తీసుకోండి" అంటారు, రెండోవారు "అయ్యో, వద్దు" అంటారు. ఇలా రెండుసార్లయితే అది మాటవరస. మూడోసారి కూడా తీసుకోమన్నారంటే నిజంగా ఇచ్చినట్టే లెక్క. బుద్ధి ఉన్నవాళ్ళు రెండోసారికే నోరు మూసుకుంటారు. కామ్యార్ నోరు మూడోది అననిదే మూతపడదు. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఒకాయన అతని నల్ల కళ్ళద్దాలు బాగున్నాయన్నాడు. కామ్యార్ మూడుసార్లు "మీవే అనుకోండి" అన్నాడు. ఆయన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"రెండుసార్లతో ఆపి చావొచ్చుగా!" అంది తరానే.

"ఏమనుకుంటాడోనని..."

"దారినపోయే వాడితో మూడుసార్లు అంటావు. మా నాన్నను వచ్చి అడగమంటే ఒక్కసారి నోరు రాదు."

కామ్యార్ ఎండకు కళ్ళు చికిలించుకుంటూ కారు నడిపాడు. ఆమె అన్నది నిజమే. ఇల్లు కొన్నాక అడుగుతానని రెండేళ్ళు, జీతం పెరిగాక అడుగుతానని రెండేళ్ళు గడిపేశాడు. ఈసారి తిరిగి వెళ్ళేలోపు ఏదో ఒకటి తేల్చకపోతే ఇక తనను మరిచిపొమ్మని తరానే ముందురోజే చెప్పేసింది. అప్పటి నుంచీ అతనికి కూర్చున్నా కుదురు లేదు, నిలుచున్నా కుదురు లేదు.

ఖమ్సర్‌లో వాళ్ళు దిగిన ఇంటి యజమానురాలు అగ్దస్ ఖానుం. అరవై ఏళ్ళ మనిషి. తల మీద పూల చాదర్ సర్దుకుని, రిజిస్టరు తెరిచి, ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"పెళ్ళి కాగితం ఏదీ, బాబూ?"

పెళ్ళికాని జంటకు అక్కడ గది ఇవ్వరు. దీనికి కామ్యార్ ముందే జవాబు తయారు చేసుకున్నాడు. "మేం అన్నాచెల్లెళ్ళమండి."

"ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయే?"

"అమ్మ ఒకటే. నాన్నలు వేరు."

అగ్దస్ ఖానుం "పాపం" అని చెరో గది ఇచ్చింది. తరానే సామాను సర్దుకోవడానికి లోపలికి వెళ్ళింది. గండం గడిచిందనుకుని కామ్యార్ పెరట్లో బల్ల మీద చతికిలబడ్డాడు. అగ్దస్ ఖానుం టీ తెచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీ చెల్లెలికి సంబంధం ఏమైనా కుదిరిందా?"

టీ గొంతులో అడ్డం పడింది. "లే... లేదండి."

"మా అబ్బాయి హబీబ్ ఉన్నాడు. గులాబీల పన్నీరు తీసే బట్టీ వాడిదే. బంగారంలాంటి పిల్లాడు. పిల్లను చూడగానే నా మనసులో పడింది. అయినా టెహరాన్ వాళ్ళు మా ఇంటికి పిల్లనెందుకు ఇస్తారులే."

"అయ్యో, అదేం మాట! మా పిల్ల మీ ఇంటి దాసి." సంబంధం మాట వస్తే ఆ దేశంలో ఎవరైనా మర్యాదకు అనే మాటే అది.

"దాసి ఏమిటి నాయనా, మా నెత్తిన కిరీటం. మేమెక్కడ, మీరెక్కడ!"

"అలా అనకండి. మీ ఇంటి దాసే."

"ఊరికే మాటవరసకు అంటున్నావు."

ఇక్కడ ఆగాలి. ఎవరైనా ఆగుతారు. కానీ పెద్దావిడ మొహం చిన్నబోయింది. కామ్యార్ ప్రాణం ఊరుకోలేదు.

"నా మీద ఒట్టు ఖానుం గారూ, మా పిల్ల మీ ఇంటి దాసే!"

అగ్దస్ ఖానుం గబుక్కున లేచి అతని నుదుటి మీద ముద్దుపెట్టి, ఇల్లు అదిరేలా శుభమంటూ కేకవేసింది. ఆ కేకకు పక్కింటి నుంచి ఇద్దరు, ఎదురింటి నుంచి నలుగురు వచ్చేశారు. ఒకావిడ వస్తూ వస్తూ మిఠాయి పళ్ళెం కూడా పట్టుకొచ్చింది.

తరానే గది తలుపు తీసుకుని బయటికొచ్చింది. "ఏమిటీ గోల?"

కామ్యార్ ఆమెను వరండా చివరికి తీసుకెళ్ళాడు. "నిన్ను... ఇచ్చేశాను."

"ఏమిటీ?"

"కళ్ళద్దాల్లాగా."

తరానే పెరటి వైపు వేలు చూపించింది. "వెళ్ళి నిజం చెప్పు."

"చెబితే పోలీసులను పిలుస్తుంది!"

"చెప్పకపోతే పెళ్ళి చేస్తుంది."

"ఏదో ఒకటి ఆలోచిస్తాలే."

"నాలుగేళ్ళుగా ఆలోచిస్తున్నావు మహానుభావా, ఇంకా అయిపోలేదా?" అని ఆమె విసురుగా వంటింట్లోకి వెళ్ళింది. పెళ్ళిచూపుల్లో పిల్ల చేసినట్టే టీ పళ్ళెం పట్టుకుని తిరిగొచ్చింది.

ఈలోపు హబీబ్ కోటు వేసుకుని వచ్చాడు. మనిషి నిండా గులాబీల వాసన. తరానే అతని ఎదుటే కూర్చుని సూటిగా అడిగింది.

"ఇల్లు ఉందా?"

"ఉందండి. పైన ఇంకో అంతస్తు వేస్తున్నాం."

"పెళ్ళి ఎప్పుడు చేసుకుంటారు?"

"పూలకోత అయిపోయిన మర్నాడు."

"మా నాన్నను అడగడానికి భయం లేదా?"

"భయమెందుకండి? కాదంటే మళ్ళీ అడుగుతాను."

ఆడవాళ్ళు ముచ్చటపడిపోయారు. తరానే కామ్యార్‌కేసి ఒక్క చూపు చూసింది. ఆమె పంతానికి ఆడుతోందా, నిజంగానే ఆలోచిస్తోందా? అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"అన్న మాటిచ్చాడు, కానీ తండ్రి చెవిన కూడా వేయాలిగా. నంబరు చెప్పమ్మా," అంది అగ్దస్ ఖానుం. తరానే తప్పుడు నంబరు చెబుతుందని కామ్యార్ ధైర్యంగా ఉన్నాడు. ఆమె అసలు నంబరే చెప్పింది. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టారు.

"ఎవరండీ?" అన్నారు ఇస్కందరీ గారు.

కామ్యార్ ఫోను లాక్కున్నాడు. "అయ్యా, నేను తరానేకి అన్నను కాను!"

"ఆ సంగతి నాకు తెలుసు బాబూ. దానికి అన్నలు లేరు. తమరెవరు?"

పెరట్లో వాళ్ళంతా ఫోను చుట్టూ మూగారు.

"కామ్యార్ అంటారండి. మీ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాను. వచ్చే శుక్రవారం మా అమ్మను తీసుకుని రావచ్చా?"

అవతలి మనిషి కూడా మర్యాద తెలిసినవాడే. "మా ఇల్లు మీదేనండీ. మా పిల్ల మీ ఇంటి దాసి."

"మా నెత్తిన కిరీటమండి!"

"లేదు లేదు, దాసే."

"మాటవరసకు అంటున్నారేమో..."

"అయ్యో, ఎంతమాట! మీ ఇంటి దాసే!"

"చాలా సంతోషమండి," అన్నాడు కామ్యార్. జీవితంలో మొదటిసారి మూడో మాట ఎదుటివాడి చేత అనిపించాడు.

అవతల కాస్త దగ్గు వినిపించింది. "ఇంతకీ ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?"

"ఖమ్సర్ నుంచండి."

"మా తరానే కూడా అక్కడికే వచ్చింది, స్నేహితురాళ్ళతో..." ఆయన ఆగారు. "ఆ స్నేహితురాళ్ళు తమరేనా?"

"...అవునండి."

"అక్కడే ఉండండి. వస్తున్నాను."

అగ్దస్ ఖానుం చాదర్ దులుపుకుని లేచింది. "అబద్ధమాడి నా గుమ్మం తొక్కుతావా? నోటి దాకా వచ్చిన కోడలిని లాక్కుంటావా?" అని చెడామడా తిట్టింది. కామ్యార్ తలవంచుకుని అన్నీ పడ్డాడు. చివరికి ఆవిడ గొంతు తగ్గింది. "తండ్రి మూడుసార్లు అన్నాడు, ఇంతమందీ విన్నారు. నేను ఏం చెయ్యగలను? నీ గదిలోంచి కదిలావంటే కాళ్ళు విరగ్గొడతాను." హబీబ్ కోటు విప్పేసి, మిఠాయి మొదట కామ్యార్ చేతిలోనే పెట్టాడు. తరానే ఏడుస్తూ నవ్వింది. "ఇంత చిన్న మాటకు నాలుగేళ్ళు పట్టిందా నీకు?" అంది.

మధ్యాహ్నం మూడు దాటాక ఇస్కందరీ గారు టాక్సీ దిగారు. వరసగా నాలుగు టీలు తాగి, ఎండ తగ్గాక, పెళ్ళి వచ్చే నెలలో అన్నారు. మర్నాడు ఉదయం కూతుర్ని వెంటబెట్టుకుని టెహరాన్ వెళ్ళడానికి బయటికొచ్చారు. గుండె తేలికపడిన కామ్యార్ తన కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "మీరు కూడా మాతో ఇస్ఫహాన్ రండి మామయ్యగారూ," అన్నాడు. ఆయన వద్దన్నారు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ వద్దన్నారు. మూడోసారి కూడా అడగమని తరానే కామ్యార్ కాలు తొక్కింది. అతను అడిగాడు, ఆయన ముందు సీటెక్కారు.

ఇస్ఫహాన్ దాకా తరానే వెనక సీట్లో ఒక్కతే కూర్చుని, దారిలో తినడానికి సంచీలో తెచ్చుకున్న కీర దోసకాయలన్నీ తినేసింది.