మా మెట్ల రంగు ఇంకా తేలలేదు

పసిపిల్లలున్న ప్రతి ఇంట్లో, హాలు నడిమధ్యన, పట్టుకోవడానికి ఏమీ లేని మెట్లు ఉండాలి. తప్పకుండా ఉండాలి! ఈ మాట ఊరికే అనడం లేదు. ఎల్లారెడ్డిలో ఆరు నెలలుగా అలాంటి ఇంట్లోనే కాపురం చేస్తూ, బాగా ఆలోచించి అంటున్నాను.

పాత ఇండ్లలో మెట్లు ఎక్కడుండేవి? బయట, గోడ పక్కన. ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో లోపలివాళ్లకు తెలిసేది కాదు. ఇప్పుడు తలుపు తీయగానే మెట్లే! కుర్చీలో కూర్చుంటే మెట్లు, టీవీ పెడితే దాని వెనక మెట్లు, వంటింట్లోంచి తల బయట పెడితే మెట్లు. దీన్ని ఓపెన్ హాలు అంటారట. అడ్డంగా గోడలుండవు కాబట్టి ఓపెన్. మాకు రేలింగు కూడా లేదు కాబట్టి మాది ఇంకా ఓపెన్!

రేలింగు వద్దని మా ఇంట్లో ఎవరూ అనలేదు. పాపం, అలా అనుకోకండి. గాజుదా, స్టీలుదా, కర్రదా అన్నది మెట్ల రాయి రంగును బట్టి తేలాలి. రాయి రంగు గోడ రంగును బట్టి తేలాలి. గోడ రంగు సోఫాను బట్టి తేలాలి. సోఫా ఇంకా కొనలేదు. అందుకని మెట్లు ఉత్త సిమెంటుతో, ఏ తొందరా లేకుండా ఉన్నాయి.

మా ఆయన శైలేందర్ మస్కట్‌లో ఏసీ మెకానిక్. పెద్దపెద్ద విల్లాలకు వెళ్లి, ఏసీ బాగుచేసి, వచ్చేటప్పుడు వాళ్ల మెట్లను ఫోటో తీసుకుంటారు. నా ఫోన్‌లో మా పాప ఫోటోల కంటే మస్కట్ మెట్ల ఫోటోలే ఎక్కువ. ఆయనకు సెలవు శుక్రవారం. కాబట్టి మా ఇంట్లో ఏది తేలినా శుక్రవారమే తేలాలి.

"చూసినవా? ఒక్క చువ్వ లేదు. ఎంత క్లీన్‌గ ఉందో!" అన్నారు ఒక శుక్రవారం వీడియో కాల్‌లో.

"ఆళ్లింట్ల చిన్నపిల్లలు లేరా?"

"ముగ్గురున్నరు. ఆళ్ల ఎంట తిరిగేటందుకు ఇద్దరు ఆయమ్మలున్నరు గద!"

ఎంత మంచి ఏర్పాటు! మా ఇంట్లోనూ ఆ ఇద్దరున్నారు. ఇద్దరూ నేనే.

ఇక రాయి సంగతి. కామారెడ్డికి పోయి, షాపు షాపూ తిరిగి, అరచేతంత ముక్కలు పదకొండు తెచ్చాం. ఇక్కడ గోధుమరంగులో ఉన్నది ఫోన్‌లో మస్కట్ చేరేసరికి ఎర్రగా మారిపోతుంది. కిటికీ దగ్గర తెల్లగా ఉన్నది ట్యూబులైటు కింద పచ్చబడుతుంది. మా అత్తమ్మ నర్సవ్వకు నల్లరాయి కావాలి, మురికి కనబడదని. కామారెడ్డిలో ఉండే మా ఆడబిడ్డ ఉమారాణి వదినకు తెల్లరాయి కావాలి, ఫోటోలో బాగుంటుందని.

"నలుపేందే అమ్మా! బాయిల దిగినట్టుంటది."

"తెలుపేస్తే దినాం ఎవలు తుడవాలె? నువ్వొస్తవా కామారెడ్డి నుంచి?"

ఎవరు తుడుస్తారో ఇద్దరికీ తెలుసు. నన్ను మాత్రం అడగలేదు. అడగకపోవడమే న్యాయం. రోజుకు ముప్పైసార్లు ఎక్కి దిగడం తప్ప ఆ మెట్లతో నాకేం సంబంధం?

రెండు నెలల కింద అత్తమ్మ ఒక వాస్తు పెద్దాయన్ను పిలిపించింది. ఆయన మెట్లన్నీ లెక్కపెట్టి పెదవి విరిచాడు. పద్దెనిమిది! సరి సంఖ్య ఇంటికి మంచిది కాదట. కుడికాలుతో మొదలుపెడితే పైన కుడికాలే పడాలట. రేలింగు లేని సంగతి ఆయన కంటికి ఆనలేదు. నేను ఇంటర్ మొదటేడులోనే చదువు ఆపేసిన మనిషిని, అంత పెద్ద లెక్క మధ్యలో ఈ చిన్న సంగతి ఎలా ఎత్తను?

మరునాడే యాకూబు మేస్త్రి వచ్చాడు.

"పద్దెనిమిదిని పందొమ్మిది ఎట్ల చేస్తవయ్యా? మల్ల అంత ఇడగొడ్తవా?" అని అత్తమ్మ కంగారు పడింది.

"ఎందుకవ్వా? కింద నాలుగంగుళాల మెట్టొకటి పోస్త. లెక్క అయిపాయె!"

పోశాడు. లెక్క అయిపోయింది.

అప్పటిదాకా పదకొండు నెలల మా నిహారిక పాకుతూ పోయి, ఏడంగుళాల మొదటి మెట్టును అరచేతులతో చరిచి, ఎక్కరాక వెనక్కి వచ్చేది. కొత్త మెట్టు సరిగ్గా దాని మోకాలికి సరిపోయింది. రెండు రోజుల్లో దాని మీద మోకాలు ఎత్తడం నేర్చుకుంది. మూడో రోజు ఏడంగుళాలవీ అందుకుంది. వాస్తు ఇంత తొందరగా ఫలించిన ఇల్లు ఈ చుట్టుపక్కల ఇంకొకటి ఉంటే చూపించండి!

"పైకి ఎక్కుడే నేర్చింది నా బంగారు! పెద్ద నౌకరి చేస్తది సూడు," అని అత్తమ్మ మెటికలు విరిచింది.

"ఎక్కుడు నేర్చింది గని దిగుడు నేర్వలే అత్తమ్మా."

"గదే నేరుస్తది తియ్యి!"

ఆ రోజు నుంచి నాకు కలిగిన లాభాలు ఇన్నీ అన్నీ కావు. నడుము సన్నబడింది. చెవులు పదునెక్కాయి. సిమెంటు మీద చిన్న అరచేతుల చప్పుడు వింటే ఎన్నో మెట్టు మీదుందో చెప్పగలను. చప్పుడు ఆగితే పిండి చేతులతోనే ఉరుకుతాను. స్నానం నాలుగు చెంబుల్లో అయిపోతుంది, ఎంత నీళ్ల పొదుపు! భక్తి కూడా పెరిగింది. మూడు నిమిషాలకోసారి దేవుణ్ణి తలుచుకునే మనిషిని మీరు గుళ్లోనైనా చూశారా?

అడ్డం పెట్టకూడదా అంటారు. పెట్టకుండా ఉంటానా? కుర్చీ పెడితే తోసేసింది. బియ్యం బస్తా పెడితే దాని మీదుగానే ఎక్కింది. పైగా బస్తాతో కలిపి మెట్లు ఇరవై అయ్యాయనీ, మళ్లీ సరి సంఖ్య వచ్చిందనీ అత్తమ్మ తీయించింది!

పోయిన మంగళవారం నిహారిక నాలుగో మెట్టు పక్కనుంచి కింద పడింది.

పై పెదవి చిట్లింది. నుదురు బొప్పి కట్టింది. పడిన చప్పుడుకూ, ఏడుపు వినబడడానికీ మధ్య ఎంత సేపుందో నాకు తెలుసు. ఇక్కడ నవ్వుకునే మాట ఒకటి రాద్దామని చూశాను, రాలేదు. ముందుకు పోదాం.

డాక్టరు చూసి భయం లేదన్నాక, అందరం వీడియో కాల్‌లో కలిశాం. మా ఆయన డ్యూటీ మధ్యలోంచి వచ్చారు. పిల్ల మూతిని కెమెరా దగ్గరికి తెమ్మన్నారు. తరువాత వదిన అందుకుంది.

"నేల సిమెంటు రంగే, మెట్లు సిమెంటు రంగే. పోరికి ఏం కనబడ్తది? నేను చెప్పినప్పుడే తెల్లరాయి ఏసుంటే ఇట్లయితుండెనా?"

"తెలుపైతే జారి ఇంకింత గట్టిగ పడుతుండె! నల్లదైతేనే అంచు కనబడ్తది," అంది అత్తమ్మ.

"గోధుమ ముక్క ఒకటుండె గద, అది మల్ల చూపియ్యి," అన్నారు మా ఆయన.

పదకొండు ముక్కలూ మళ్లీ బయటికొచ్చాయి. పిల్లను భుజానేసుకుని నేనే ఒక్కొక్కటీ కెమెరాకు చూపించాను.

"ఇగో, మరి రేలింగు?" అని నడుమ అడిగాను.

"శుక్రారం మాట్లాడుదాం. తొందరల ఏదన్న పెడితే జన్మంత దాన్నే చూడాలె."

నిజమే కదా! జన్మంతా చూడాల్సిన వస్తువు.

బుధవారం పొద్దున పాపను చంకనేసుకుని, హన్మండ్లు వెల్డింగ్ షాపుకు పోయాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, ఫోన్‌లో డిజైన్లు చూపించడం మొదలుపెట్టాడు.

"నెమలి ఉన్నది చెల్లె, తామర ఉన్నది. ఈ నడుమ అందరు గీ తీగల డిజైనే ఏపిస్తున్నరు."

"ఉత్త నిలువు చువ్వలు చాలు అన్నా. నాలుగు వేళ్ల సందు మించొద్దు. కింద ఒక గేటు, గొళ్లెం పైకి పెట్టు."

"మరి రంగు? గోల్డ్ కొట్టాల్నా, మ్యాట్ బ్లాక్ కొట్టాల్నా? మీ ఆయనకు ఫోటో పంపి అడుగరాదు?"

"ఏది రేపు పొద్దుగాలకు ఆరుతదో అది కొట్టు."

ఆయన పాప మూతి వైపు చూశాడు. ఫోన్ జేబులో పెట్టి, కొలతల టేపు తీసుకుని మా ఇంటికి బయల్దేరాడు.

గురువారం మధ్యాహ్నానికి బిగించి పోయాడు. రంగుకు ముందు కొట్టే ఎర్ర ప్రైమరు, అంతే. హాలు అందమంతా పాడైంది. ఓపెన్ లుక్ పోయింది. "ఇల్లా ఇది, బస్టాండుల టికెట్ కౌంటరా?" అంది వదిన. అత్తమ్మ ఆ గొళ్లెం తీయరాక నన్ను తిట్టుకుంటూనే ఉంది. ఈ శుక్రవారం మా ఆయన హాలు చూపించమని అడగనేలేదు.

నాకు మాత్రం బాధ ఉండదా? ఉంది. ఆ బాధలోనే నిన్న మధ్యాహ్నం పీట వేసుకుని, గోడకు వీపు ఆనించి, కంచం ముందు పెట్టుకున్నాను. చాలా రోజులకు, అన్నం వేడిగా ఉండగానే తిన్నాను.